నాగలాపురం: అరుణానది లోయలో రాయల కాలపు పట్నం

నాగలాపురం తిరుపతి జిల్లా సత్యవేడు శాసనసభ నియోజకవర్గంలోని మండల కేంద్రం. తిరుపతికి ఆగ్నేయంగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, పుత్తూరు నుంచి ఊత్తుకోట మీదుగా చెన్నై వెళ్లే దారిలో ఉంది. విజయనగర చక్రవర్తి శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన వేదనారాయణస్వామి ఆలయం ఈ ఊరికి గుర్తింపు తెచ్చింది. ఇదే దారిలో ఎగువన నారాయణవనం, దిగువన సురుటుపల్లి ఉన్నాయి. మూడు ఊళ్లూ అరుణానది లోయలోనివే, మూడూ సత్యవేడు నియోజకవర్గంలోనివే. ఒక చివరి నుంచి మరో చివరికి నలభై కిలోమీటర్లు కూడా ఉండదు. ఒక ఊరు చూసి మిగతా రెండూ వదిలేస్తే ఈ సీమ సగమే అర్థమవుతుంది. అందుకే ఈ వ్యాసంలో మూడింటినీ కలిపి చెప్పవలసి వచ్చింది.

నది, కొండలు, పంటలు

అరుణానదిని తమిళులు ఆరణియారు అంటారు. కార్వేటినగరం వైపు కొండల్లో పుట్టి నారాయణవనం, పిచ్చాటూరు, నాగలాపురం, సురుటుపల్లి పరిసరాల గుండా సాగి ఊత్తుకోట దగ్గర తమిళనాడులో అడుగుపెడుతుంది. ఆ తరువాత పొన్నేరి మీదుగా పులికాట్ సరస్సులో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనిపించే నది ఇది. ఈశాన్య రుతుపవనాలు వచ్చే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో దీని తీరు వేరు. రాయలసీమ అనగానే కరువు నేల గుర్తుకొచ్చే పాఠకులు ఈ మూల ప్రాంతాన్ని వేరుగా చూడాలి. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే మొదట తడిసే పల్లెల్లో ఇవీ ఉంటాయి. ఊరూరా చెరువు కనిపించడానికి కారణం ఆ వానే. ఆ కొద్ది కాలంలో కురిసే నీటిని పన్నెండు నెలలు కాపాడుకోవలసిన అవసరం ఇక్కడి రైతుకు తరతరాలుగా ఉంది.

పిచ్చాటూరు దగ్గర నదికి అడ్డంగా కట్టిన ఆరణియారు జలాశయం నిల్వ సామర్థ్యం సుమారు 1.85 టీఎంసీలు. భారీ వానల్లో దాని గేట్లు ఎత్తే ముందు ఆంధ్ర అధికారులు తమిళనాడు అధికారులకు కబురు చేస్తారు. దిగువన సురుటుపల్లి ఆనకట్ట దాటిన నీరు ఊత్తుకోట చేరడానికి ఎంతోసేపు పట్టదు. ఈ సీమ గుండా మరో నీరు కూడా ప్రవహిస్తోంది. తెలుగుగంగ పథకంలో కండలేరు నుంచి పూండి జలాశయానికి వెళ్లే కాలువ సత్యవేడు ప్రాంతం దాటి, ఊత్తుకోట దగ్గర ‘జీరో పాయింట్’ వద్ద తమిళనాడుకు చేరుతుంది. ఎన్.టి.రామారావు, ఎం.జి.రామచంద్రన్ ముఖ్యమంత్రులుగా ఉన్న 1983లో చెన్నైకి కృష్ణా నీళ్లు ఇచ్చే ఒప్పందం కుదిరింది. కృష్ణా నీళ్లు సరిహద్దు చేరింది 1996లో. కాలువ గట్లు కోసుకుపోయి నీళ్లు సరిగా అందకపోతుంటే సత్యసాయి సంస్థ 2000 దశకం మొదట్లో దాన్ని బాగుచేయించింది. చెన్నై వాసులు తాగే నీటిలో ఒక భాగం ఇలా ఈ పల్లెల పక్కనుంచే వెళుతుంది.

లోయకు చుట్టూ ఉన్నవి నగరి కొండలు, నాగలాపురం కొండలు. కడప శిలా సముదాయానికి చెందిన గట్టి క్వార్ట్‌జైట్ రాయి నగరి కొండల్లో నిటారు గోడల్లా నిలిచి ఉంటుంది. సముద్రం మీద వచ్చే నావికులకు దూరం నుంచే కనిపించి దిక్కు చెప్పిన ‘నగరి ముక్కు’ శిఖరం ఈ వరుసలోదే. సత్యవేడు పేరు భూగర్భ శాస్త్రంలో కూడా స్థిరపడింది. ఇక్కడి గులకరాళ్ల పొరలను, ఇసుకరాతి పొరలను శాస్త్రజ్ఞులు ‘సత్యవేడు ఫార్మేషన్’ అంటారు. డైనోసార్లు తిరిగిన క్రెటేషియస్ యుగపు తొలి దశలో నదులు మోసుకొచ్చి పోసిన రాళ్లవి. భారత ప్రాచీన శిలాయుగ పరిశోధనకు ఆద్యుడైన రాబర్ట్ బ్రూస్ ఫుట్ 19వ శతాబ్దంలో ఈ పొరలను పరిశీలించాడు. ఆయన, విలియం కింగ్ కలిసి 1863లో రాతి పనిముట్లు గుర్తించిన అత్తిరంపాక్కం ఇక్కడికి దగ్గరే, పూండి సమీపంలో తమిళనాడు వైపు ఉంది. అక్కడి పనిముట్లలో పాతవాటి వయసు సుమారు 15 లక్షల ఏళ్లని 2011లో వెలువడిన పరిశోధన తేల్చింది. మనిషి ఈ కొండల క్వార్ట్‌జైట్ గులకరాళ్లను చేతిగొడ్డళ్లుగా చెక్కుకున్న కాలం అంత పాతది. ఆలయాలు చూడటానికి వచ్చేవారు ఆ వయసును ఒకసారి మనసులో పెట్టుకుంటే రాయల కాలం నిన్నమొన్నటిదిగా తోస్తుంది.

పంటల్లో వరి, చెరకు, చెనక్కాయలు, మామిడి ముఖ్యం. గానుగ బెల్లం, తోతాపురి మామిడి ఈ ప్రాంతపు రైతుకు నగదు తెచ్చే సరుకులు. చిత్తూరు ప్రాంతపు తోతాపురి గుజ్జు విదేశాలకు ఎగుమతి అవుతుంది. పంటతో పేరు తెచ్చుకున్న లోయకు పోలిక చెప్పాలంటే, పోర్చుగల్‌లో డౌరో నది లోయ ద్రాక్షతోటలకు ప్రసిద్ధి. ఆ దేశ ప్రభుత్వం 1756లోనే అక్కడి ద్రాక్షసాగు ప్రాంతానికి హద్దులు గీసింది. తోటలను, పాత ఊళ్లను, నదిని ఒకే దృశ్యంగా ఎంచి యునెస్కో 2001లో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అరుణానది లోయలో కూడా తోట, చెరువు, గుడి, కొండ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. వాటిని అలా కలిపి చూపించే ప్రయత్నం మాత్రం ఇంకా జరగలేదు. ఇక్కడి వారసత్వానికి జరిగిన పెద్ద లోపం ఇదేనని చెప్పాలి.

నాగలాపురం, వేదనారాయణస్వామి

తుళువ నరసానాయకుడి భార్యల్లో నాగలాంబ కొడుకు కృష్ణదేవరాయలు. 1509లో సింహాసనం ఎక్కి 1529 దాకా పాలించాడు. పూర్వం హరికంఠాపురం అని పిలిచిన ఈ ఊరిని తల్లి పేరుతో నాగలాపురంగా మార్చి, ఆలయం కట్టించాడని స్థలచరిత్ర. హంపీ పక్కన నేటి హోస్పేట కూడా రాయలు నాగలాపురం పేరుతో నిర్మించిన పట్టణమే. ఆయన కాలంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ ఆ కొత్త నగరం గురించి రాశాడు. అది రాజుకు ఇష్టమైన రాణి పేరున వెలసిందని అతని కథనం, తల్లి పేరున వెలసిందని కన్నడ, తెలుగు సంప్రదాయం. తుంగభద్ర ఒడ్డు పట్టణం పేరు మారిపోయింది. అరుణానది ఒడ్డు ఊరు అయిదు వందల ఏళ్లుగా ఆ తల్లి పేరునే మోస్తోంది.

రాయలు తిరుమలకు మొదటిసారి 1513లో వచ్చి, తరువాత పలుమార్లు దర్శించుకున్నాడు. తిరుమలలో తిరుమలదేవి, చిన్నాదేవిలతో కలిసి చేతులు జోడించి నిలిచిన ఆయన లోహ విగ్రహం నేటికీ ఉంది. శేషాచలం నుంచి కంచి దాకా ఉన్న ఈ దారి ఆయన దానధర్మాలకు ఇష్టమైన సీమ. నాగలాపురం ఆ దారిలో పడే ఊరు.

ఆలయ గర్భగుడిలో మూలవిరాట్టు మత్స్యావతార మూర్తి. నడుము నుంచి పైన చతుర్భుజుడైన విష్ణువు, నడుము కింద చేప. ఇరుపక్కల శ్రీదేవి, భూదేవి. బ్రహ్మ దగ్గరి వేదాలను సోమకాసురుడు అపహరించి సముద్రంలో దాక్కోగా, విష్ణువు మత్స్యరూపంలో వెళ్లి అతణ్ని వధించి వేదాలను తెచ్చాడని పురాణగాథ. వేదాలను రక్షించిన స్వామి కనుక వేదనారాయణుడు. అమ్మవారు వేదవల్లి. దశావతారాల్లో నరసింహుడికి, రాముడికి, కృష్ణుడికి తెలుగునాట లెక్కలేనన్ని గుళ్లున్నాయి. మత్స్యమూర్తి మూలవిరాట్టుగా పూజలందుకునే పెద్ద ఆలయం మరొకటి చూపమంటే చూపడం కష్టం. మూర్తిశిల్పం మీద ఆసక్తి ఉన్నవారు ఈ ఒక్క విగ్రహం కోసమైనా ఇక్కడికి రావాలి.

ఆలయం పడమటి ముఖం. ఈ ముఖం వల్లనే సూర్యపూజ అనే ఉత్సవం పుట్టింది. ఏటా మార్చి నెలలో మూడు రోజులు అస్తమించే సూర్యుడి కిరణాలు రాజగోపురం గుండా ప్రవేశించి, వరుస ద్వారాలు దాటి, గర్భగుడిలోని స్వామిని తాకుతాయి. గోపురం నుంచి మూలవిరాట్టు దాకా ఆరు వందల అడుగులు దాటిన దూరం. మొదటి రోజు పాదాలపై, రెండో రోజు నాభిపై, మూడో రోజు శిరస్సుపై వెలుగు పడుతుంది. సాయంత్రం ఆరు గంటల వేళ కొద్ది నిమిషాలు మాత్రమే ఈ దర్శనం. ఆ సమయంలో లోపలి దీపాలు తగ్గిస్తారు, నడవలో ఎవరూ అడ్డు నిలవకుండా భక్తులను రెండు పక్కలకు జరుపుతారు. సముద్రగర్భంలో అసురుడితో పోరాడి చలికి గడ్డకట్టిన స్వామికి సూర్యుడు వెచ్చదనం ఇస్తున్నాడని భక్తులు చెప్పుకుంటారు.

దీని వెనుక ఉన్న లెక్క తెలుసుకుంటే శిల్పుల మీద గౌరవం పెరుగుతుంది. సూర్యుడు సరిగ్గా పడమటన అస్తమించేది ఏడాదిలో రెండు విషువత్తుల దగ్గర, అంటే మార్చి 20, సెప్టెంబరు 22 తేదీల ప్రాంతంలో. తక్కిన రోజుల్లో అస్తమించే చోటు ఉత్తరానికో దక్షిణానికో జరుగుతూ ఉంటుంది. విషువత్తు దగ్గర ఆ జరుగుబాటు రోజురోజుకూ వేగంగా కనిపిస్తుంది. గోపురం, ధ్వజస్తంభం, మండపాలు, గర్భగుడి గడప అన్నీ ఒకే సూటిలో ఉండి, ద్వారాల వెడల్పు కుదురుగా ఉంటేనే కిరణం అంత లోపలికి రాగలదు. నేల ఎత్తు కాస్త తేడా వచ్చినా, మధ్యలో కొత్తగా ఒక పందిరి లేచినా వెలుగు ఆగిపోతుంది. శ్రీకాకుళం జిల్లా అరసవల్లిలో మార్చి, అక్టోబరు నెలల్లో ఆదిత్యుడి పాదాలను తాకే ఉదయ కిరణాలు ఎక్కువమందికి తెలుసు. అక్కడిది తొలి వెలుగు, ఇక్కడిది మలి వెలుగు. నాగలాపురంలో ఏ మరమ్మతు చేసినా, ఏ కొత్త కట్టడం లేపినా ముందుగా ఈ కిరణాల దారిని కొలిచి చూడటం అధికారుల మొదటి కర్తవ్యం కావాలి.

సూర్యపూజ రోజుల్లోనే తెప్పోత్సవాలు జరుగుతాయి. తిరుమల తిరుపతి దేవస్థానం 1967లో ఈ ఆలయాన్ని తన పాలనలోకి తీసుకుంది. నారాయణవనం ఆలయం కూడా అదే ఏడాది దేవస్థానానికి చేరింది. పెద్ద ప్రాకారాలు, విశాలమైన ఆవరణ ఉన్న ఈ గుడిలో మామూలు రోజుల్లో రద్దీ ఉండదు. తిరుమలలో క్షణంలో ముగిసే దర్శనానికి అలవాటు పడినవారు ఇక్కడ స్వామి ముందు తనివితీరా నిలబడవచ్చు.

నారాయణవనం

పుత్తూరును ఆనుకొని ఉన్న నారాయణవనం శ్రీనివాస, పద్మావతుల కళ్యాణం జరిగిన చోటుగా తెలుగు, తమిళ, కన్నడ భక్తులందరికీ తెలుసు. ఆకాశరాజు రాజధాని ఇదేనని వేంకటాచల మాహాత్మ్యం చెప్పే కథ. నాగలితో దున్నుతుండగా తామరపువ్వులో దొరికిన బిడ్డ పద్మావతి, వేటకు వచ్చిన శ్రీనివాసుడు, పెళ్లి ఖర్చుకు కుబేరుడి దగ్గర చేసిన అప్పు తెలుగింట పిల్లలకు కూడా తెలిసిన కథలు. తరిగొండ వెంగమాంబ ఈ గాథను తెలుగు పద్యంలో చెప్పింది. ఇక్కడి కళ్యాణ వేంకటేశ్వరస్వామి ఆలయంలో ఒక పెద్ద తిరగలి ఉంది. దేవతల పెళ్లిలో పిండి, పసుపు విసిరింది దీనితోనేనని ఊరివారి నమ్మకం. పద్మావతి పెళ్లికి ముందు పూజించిన దేవతగా అవనాక్షమ్మకు వేరే గుడి ఉంది. పెళ్లి తరువాత కొత్త దంపతులు అప్పలాయగుంటలో ఆగి, అగస్త్యుడి ఆశ్రమం చేరి, శ్రీనివాసమంగాపురంలో ఉన్నారని కథ సాగుతుంది. ఈ ఊళ్లన్నింటిలోనూ ఆ గుర్తుగా వేంకటేశ్వరాలయాలు వెలిశాయి. కథ వెంట నడవాలనుకునే యాత్రికుడు నారాయణవనం నుంచి బయలుదేరడమే పద్ధతి.

ఊళ్లో సొరకాయస్వామి సమాధి మందిరం కూడా ఉంది. సొరకాయ బుర్ర భుజాన వేసుకుని తిరిగిన ఆ సాధువును తమిళులు సిద్ధులలో ఒకరిగా కొలుస్తారు. నారాయణవనం, పుత్తూరు, నగరి ప్రాంతాల్లో మగ్గాల చప్పుడు మామూలే. ఎముకలు విరిగితే కట్టు కట్టించుకోవడానికి దూరదూరాల నుంచి జనం వచ్చే పుత్తూరు కట్టు కూడా ఈ దగ్గరిదే.

నారాయణవనం మండలంలోనే కైలాసకోన ఉంది. కొండ రాతి మీద నుంచి దూకే జలపాతం, పక్కనే శివుడి గుడి. చుట్టుపక్కల కోనలు ఎండిపోయే వేసవిలోనూ ఇక్కడ ధార ఉంటుంది.

ఈ సీమ సాంస్కృతిక చరిత్రలో కార్వేటినగరం సంస్థానానికి పెద్ద చోటు ఉంది. ఇంగ్లీషువారి కాగితాల్లో బొమ్మరాజుపాళెంగా కనిపించే ఆ సంస్థానం వేణుగోపాలస్వామిని ఇలవేల్పుగా కొలిచింది. సారంగపాణి పదాలు ఆ ఆస్థానంలో పుట్టాయి. సంగీత విద్యార్థులు నేటికీ సాధన చేసే కొన్ని గొప్ప వర్ణాలు కట్టిన గోవిందసామయ్య కార్వేటినగరం వాడే. ఇప్పుడు కార్వేటినగరం చిత్తూరు జిల్లాలో ఉంది.

సురుటుపల్లి

నాగలాపురం మండలంలో, ఊత్తుకోటకు రెండు మూడు కిలోమీటర్ల ఇవతల, నది ఒడ్డున ఉన్న పల్లె సురుటుపల్లి. ఇక్కడి పళ్లికొండేశ్వరస్వామి ఆలయంలో శివుడు పడుకుని ఉంటాడు. పాలసముద్రం చిలికినప్పుడు పుట్టిన హాలాహలాన్ని మింగిన శివుడు కైలాసానికి మరలే దారిలో అలసి, పార్వతి ఒడిలో తల పెట్టి ఇక్కడ విశ్రమించాడని స్థలపురాణం. చుట్టూ బ్రహ్మ, విష్ణువు, దేవతలు, మునులు కలవరంతో నిలబడి ఉంటారు. శయనమూర్తి అనగానే రంగనాథుడు, అనంతపద్మనాభుడు గుర్తుకొస్తారు. శివుణ్ని అలా చూపిన ఆలయం చాలా అరుదు. విషం మింగిన దేవుడి బడలికను, భార్య ఆదరువును శిల్పంలో పెట్టాలన్న ఆలోచన ఎవరికి తట్టిందో గానీ, దక్షిణాది శిల్పంలో ఇంత ఆర్ద్రమైన దృశ్యం మరొకటి లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఆలయంలో వాల్మీకేశ్వర లింగం, మరకతాంబిక అమ్మవారు ఉన్నారు. మామూలుగా ఒంటరిగా కూర్చునే దక్షిణామూర్తి ఇక్కడ దేవేరితో కలిసి దర్శనమిస్తాడు. ద్వారపాలకుల స్థానంలో శంఖనిధి, పద్మనిధి నిలిచి ఉంటారు. త్రయోదశి సాయంత్రం జరిగే ప్రదోష పూజకు పుట్టినచోటు ఇదేనని భక్తుల నమ్మకం. ఆ సాయంత్రాల్లో, ముఖ్యంగా శనివారం ప్రదోషం పడితే, చెన్నై వైపు నుంచి బస్సులు, కార్లు బారులు తీరుతాయి. ఆంధ్రలోని గుడికి వచ్చేవారిలో ఎక్కువమంది తమిళులే కావడం ఇక్కడ ఎవరికీ వింతగా తోచదు.

సరిహద్దు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లాలో ఉంది. అది తమకు రావాలని మ.పొ.శివజ్ఞానం వంటి నాయకుల వెంట తమిళులు ఉద్యమించారు. తగవు తీర్చడానికి కేంద్రం హెచ్.వి.పటాస్కర్‌ను నియమించింది. ఆయన సూచనల మీద 1959లో పార్లమెంటు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది, సత్యవేడు ప్రాంతం చెంగల్పట్టు జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు సత్యవేడు, నాగలాపురం, నారాయణవనం తిరుపతి జిల్లాలో చేరాయి.

రేఖ మారినా జనం బతుకు మారలేదు. రెండు భాషలూ ఇళ్లలో, అంగళ్లలో కలిసే వినిపిస్తాయి. ఇటు ఆడపిల్ల అటు కోడలవుతుంది, అటు చెరువు ఇటు వానతో నిండుతుంది. రాష్ట్రం అంచున ఉండటం వల్ల మాత్రం ఒక నష్టం జరిగింది. ఆంధ్ర పర్యాటక ప్రచారం తిరుమల దగ్గర ఆగిపోతుంది, తమిళనాడు ప్రచారం ఊత్తుకోట దాటదు. రెండింటి మధ్య అరుణానది లోయ మిగిలిపోయింది. ఇదే నియోజకవర్గంలో సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో 2008 నుంచి ఎదిగిన శ్రీసిటీకి జపాన్ కంపెనీలు, చాక్లెట్ కర్మాగారం, విశ్వవిద్యాలయం వచ్చాయి. అక్కడ పనిచేసే వేలాదిమందిలో ఎందరు గంట దూరంలోని మత్స్యమూర్తిని చూశారో అడగవలసిన ప్రశ్న.

వెళ్లేవారికి

రైలులో వచ్చేవారు చెన్నై–రేణిగుంట మార్గంలో పుత్తూరులో దిగితే నారాయణవనం పక్కనే. అక్కడి నుంచి పిచ్చాటూరు మీదుగా నాగలాపురం, సురుటుపల్లికి బస్సులు, ఆటోలు దొరుకుతాయి. ఉదయం నారాయణవనం, ఎండపొద్దున కైలాసకోన, సాయంత్రానికి నాగలాపురం అనుకుంటే ఒక రోజు సరిపోతుంది. త్రయోదశి కలిసివస్తే ఆ సాయంత్రం సురుటుపల్లికి ఇవ్వాలి. మధ్యాహ్నం గుళ్లు మూసే వేళ ఉంటుంది కనుక ముందే విచారించుకోవడం మేలు. బస చేయాలంటే పుత్తూరు గానీ తిరుపతి గానీ నయం.

నాగలాపురం కొండల్లో నీటి గుండాలు, లోతైన కోనలు ఉన్నాయి. చెన్నై కుర్రకారు కొండ నడకలకు తరచూ వస్తుంటారు. ఇది రక్షిత అటవీ భూమి, అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. వానాకాలంలో ఎగువన కురిసిన వాన కోనలో నిమిషాల్లో వరదగా దిగుతుంది, గుండాల అడుగు రాళ్లు జారుతాయి. నవంబరు, డిసెంబరుల్లో కొండ జోలికి పోకుండా గుళ్లు, చెరువులు చూసి రావడమే మంచిది. మామిడి కాపు చూడాలంటే మే, జూన్ నెలలు అనుకూలం.

సూర్యపూజ తేదీలను దేవస్థానం ప్రతి ఏడాదీ ముందుగా ప్రకటిస్తుంది. అవి చూసుకుని, మూడు రోజుల్లో ఏదో ఒక రోజు సాయంత్రం అయిదు లోపే గుడి లోపల ఉండేలా బయలుదేరండి.